ఎవరి పేరూ లేని ప్రార్థన

జూన్ 11, బుధవారం

ప్రొద్దుటూరు బస్సులో సీటు దొరికింది. అంటే ఇవాళ మంచి రోజే. మూడో సంవత్సరం డిగ్రీ పిల్లలకు ఈసారి కూడా విదేశాంగ విధానమే నా పేపరు. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పాఠం మొదలుపెట్టి. ఒక దేశం ఎవరితో ఎలా ఉండాలో తనకు తానే నిర్ణయించుకోదు, బయటివాళ్ళు తోస్తుంటారు, ఇంట్లోవాళ్ళు లాగుతుంటారు, ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడగలిగితే అదే దాని విధానం, అని మొదలుపెడతాను. ముందు బెంచీవాళ్ళు రాసుకుంటారు. వెనక బెంచీవాళ్ళు నా చీర రంగు చూస్తారు.

సాయంత్రం జమ్మలమడుగులో బస్సు దిగి నేరుగా జైబక్క దగ్గరికే. మిషన్ కాంపౌండులో మా ఇంటి వెనక తలుపు తీస్తే వాళ్ళ వాకిలి. ఆమె కుట్టుమిషను ఆపి టీ పెట్టింది. గ్లాసుల్లో టీ, పొద్దుటి బొరుగుల ఉగ్గాని మిగిలింటే అది. ఫోనును ఉప్పుడబ్బాకు ఆనించి ముందు దోహాకు, తర్వాత హైఫాకు. రోజూ ఇదే వరస. ఖతార్‌లోని దోహాలో జైబక్క కూతురు సాజియా, పసిపిల్లల బడిలో పని. ఇజ్రాయెల్‌లోని హైఫాలో నా తమ్ముడు వినోద్, ఒక ముసలాయనను చూసుకునే పని.

"ఆ పెద్దాయనకు తినిపిస్తివా రా? నువ్వు తింటివా?" అని జైబక్క వాణ్ణి అడిగింది. వాడు నన్ను అడగాల్సినవి ఆమెను అడుగుతాడు, ఆమెకు చెప్పాల్సినవి నాకు చెప్తాడు. సాజియా మాత్రం నేను సివిక్స్ చెప్పిన రోజుల్లోలాగే నన్ను చూడగానే చున్నీ సర్దుకుంటుంది.

ఇంటికొచ్చి ఈ పేజీ రాస్తున్నాను. ఇక రేపు పొద్దున బస్సు కండక్టరు వరకూ నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

జూన్ 13, శుక్రవారం

ఇజ్రాయెల్ ఇరాన్ మీద బాంబులు వేసింది. వినోద్ ఫోను ఎత్తడం లేదు.

తర్వాత: ఎత్తాడు. షెల్టరులో ఉన్నాడట. పైనున్న రొట్టె తెచ్చుకోవడం మరిచిపోయానని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జైబక్క నా భుజం మీద చెయ్యి వేసి, ఫోనులోకి తానే మాట్లాడింది.

జూన్ 14, శనివారం

ఒకే రోజు నా దగ్గరికి రెండు రాయబారాలు.

పొద్దున శాంసన్ గారు వచ్చారు. మా సంఘ కమిటీకి సెక్రటరీ. జెరూసలేం యాత్ర చేసి వచ్చినప్పటి నుంచి గేటు మీద పేరు పక్కన 'జె.పి.', అంటే జెరూసలేం పిల్‌గ్రిమ్, అని రాయించుకున్నారు. డాక్టర్లకు డిగ్రీ ఉన్నట్టు ఆయనకిది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఈ నెల రెండు ఆదివారాలు పాస్టరు అయ్యగారు పల్లెలకు పోతాండారు. విజ్ఞాపన ప్రార్థన నీదే," అన్నారు. "ఇశ్రాయేలుకు జయం కావాలని గట్టిగా అడగాల. మన జనం దానికోసరమే ఎదురు చూస్తాండారు."

"యుద్ధంలో ఒకరి గెలుపు అడగడం మన ఆరాధనలో ఎప్పుడూ లేదు కదా అన్నా," అన్నాను.

"నీ తమ్ముడే ఆడ ఉండె! నీకు నేను చెప్పల్లనా?"

బైబిల్లోని ఇశ్రాయేలు వేరు, పేపర్లోని ఇజ్రాయెల్ ప్రభుత్వం వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయనకు పాఠం చెప్తే పరీక్ష నాకే పెడతారు.

సాయంత్రం జైబక్క. సాజియాతో మాట్లాడడం అయింది. ఖతార్‌లో ఏమీ లేదు, అంతా మామూలే అంది పిల్ల. ఫోను పెట్టేశాక జైబక్క గ్లాసు కింద పెట్టింది.

"మే కెరోలీ. మీ గుళ్ళో మైకులో అందరి పేర్లూ చెప్తారు గదా. జరమొచ్చినోళ్ళవీ, పరీక్షలు రాసేటోళ్ళవీ. నా బిడ్డ పేరు గూడా ఒకసారి చెప్పు."

నేను ఏమీ అనకముందే ఆమే అంది. "మసీదులో మొగోళ్ళు దువా చేస్తాండారు. ఇంట్లో నేను చేస్తాండా. నువ్వు ఆడ చెప్తే ఇంకో గొంతు కలుస్తాది. ఎవురి గొంతైతే ఏంది? ఆ పక్క నుంచి నిప్పు లేచింది, అది ఇటు పక్కకు రాదని ఎవురు చెప్పినారు?"

చెప్తానక్కా అన్నాను. అంత చిన్న కోరిక.

ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకున్నాక తెలిసింది అది చిన్నది కాదని. మైకులో సాజియా పేరు వినపడగానే శాంసన్ గారి ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. వినోద్ పేరు చెప్పి సాజియా పేరు చెప్పకపోతే జైబక్క ముఖం. ఇద్దరి పేర్లూ చెప్పి జయం అడగకపోతే మళ్ళీ శాంసన్ గారు. పొద్దున పేపర్లో చూశాను, ఐక్యరాజ్యసమితిలో గాజా తీర్మానం మీద మనవాళ్ళు ఓటు వేయకుండా దూరంగా ఉన్నారు. చాలామంది తిడుతున్నారు. నేను తిట్టలేను. అటు ఆయుధాలు, ఇటు గ్యాసూ చమురూ, గల్ఫులో లక్షలాది మన జనం, పైన అమెరికా, కింద ఓటర్లు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ నడుంనొప్పి నాకు ఇవాళ అర్థమైంది.

జూన్ 15, ఆదివారం

రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి చివరికి చదివింది ఇది:

'దయగల తండ్రీ, పడమటి దేశములలో జరుగుచున్న సంగతులను నీవెరుగుదువు. అక్కడ ఉన్నవారినందరిని, వారి కొరకు ఇక్కడ కనిపెట్టుకొని యున్నవారినందరిని నీ కృపలో జ్ఞాపకము చేసికొనుము. పాలకులకు వివేకము దయచేయుము.'

ఎవరి పేరూ లేదు. దేశం పేరూ లేదు, మనిషి పేరూ లేదు. అందరూ ఉన్నారు, ఎవరూ లేరు. విదేశాంగ శాఖలో ఉద్యోగం ఇచ్చినా చేసేదాన్నేమో అని లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆమేన్ చప్పగా వచ్చింది. ఆనందమ్మ పెద్దమ్మ ఒక్కతే గట్టిగా అంది. ఆమెకు చెవులు వినపడవు, ఎవరు ఏం అడిగినా ఆమేన్ అంటుంది. శాంసన్ గారు నా వైపు చూడకుండా కానుకల సంచి అందుకున్నారు.

గుడి మైకు జైబక్క వాకిట్లోకి మా ఇంట్లోకన్నా బాగా వినపడుతుంది. సాయంత్రం వెళ్ళేసరికి అడగనే అడిగింది. "సాజియా పేరు రాల్యా?"

"ఎవరి పేరూ చెప్పలేదక్కా. నా తమ్ముడి పేరే చెప్పల్యా."

ఆమె ఆలోచించింది. "అవున్లే. నీ తమ్మునిదే చెప్పకపోతివి," అని టీ పోసింది. నా మాటలో న్యాయం ఉందని ఒప్పుకున్నట్టే. "వచ్చే ఆదివారం చెప్తావా?"

"తప్పకుండా చెప్తా."

ఎవరికీ ఇవ్వకపోవడం కూడా ఒక సమానత్వమే. ఈ వాక్యం క్లాసులో వాడుకోవచ్చు.

జూన్ 16, సోమవారం

వాడుకున్నాను. రమ్యశ్రీ అనే పిల్ల లేచింది. సింహాద్రిపురం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది, ముందు బెంచీ.

"మేడం, ఓటు వేయకుంటే రెండు పక్కలా మంచోళ్ళమైతామా, రెండు పక్కలా చెడ్డోళ్ళమైతామా?"

క్లాసు నవ్వింది. అది దేశం బలాన్ని బట్టి ఉంటుందని చెప్పాను. బలమున్న దేశం ఊరుకుంటే దాన్ని ఓర్పు అంటారు, బలం లేని దేశం ఊరుకుంటే పిరికితనమంటారు. ఊరుకోవడం తప్పు కాదు, ఎందుకు ఊరుకున్నామో మనకు మనం తెలుసుకుని ఉండాలి, అని కూడా చెప్పాను. బాగానే చెప్పాననిపించింది. పరీక్షలో వస్తే అలీన విధానం, జాతీయ ప్రయోజనం అని రెండు పేజీలు రాయమన్నాను.

బస్సులో మాత్రం ఆ పిల్ల ప్రశ్న పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

జూన్ 17, మంగళవారం

వినోద్ ఎత్తడం లేదు.

జూన్ 18, బుధవారం

ఎత్తాడు. ఎత్తకుండా ఉంటేనే బాగుండేది, అని రాయకూడదు. రాశాను.

వాడు ఆదివారం ఆరాధన యూట్యూబులో చూశాడట. షెల్టరులో, ముసలాయన చక్రాల కుర్చీని పక్కన పెట్టుకుని.

"మన గుడి కనపడ్య అక్కా. మన పాటలు. నువ్వు మైకు దగ్గరికి వస్తివి. నా పేరు చెప్తావని సౌండు పెంచినా. ముసలాయనకు గూడా చూపిచ్చినా, అదో మా అక్క అని. నువ్వేమో పడమటి దేశములు అంటివి."

నేను ఏదో చెప్పబోయాను.

"పడమటి దేశములంటే నేనేనా అక్కా?"

అమ్మ పోయిననాడు వాడికి ఎనిమిదేళ్ళు. నేనే తల దువ్వి బడికి పంపేదాన్ని. వాడి గొంతులో ఆ ఎనిమిదేళ్ళ పిల్లవాడు వినపడ్డాడు. మనవాళ్ళు జోర్డాన్ దారిన వెనక్కి తెస్తారని అంటున్నారు, వచ్చేయరా అన్నాను. ముసలాయనను ఎవరికి వదిలేసి వస్తానన్నాడు. ఎర్రగుంట్లలో వాడి భార్య ఎస్తర్ కూడా నా మీద అలిగిందట. రెండు రోజులుగా ఫోను చేయనిది అందుకేనన్నమాట.

జైబక్కకు ఈ సంగతి చెప్పలేదు. చెప్తే, 'చెప్పు మరి ఇద్దరి పేర్లూ' అంటుంది. ఆమెకు అన్నీ సులువే.

జూన్ 19, గురువారం

బస్సు దిగేసరికి శాంసన్ గారు కాంపౌండు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎండ తగ్గలేదు, అయినా నిలబడి ఉన్నారు.

"జూలై మీటింగులో కాంపౌండు ఇండ్ల సంగతి వస్తాది కెరోలిన్. సంఘంతో కలిసి నడిచేటోళ్ళకే ఇండ్లుండాలని కొందరు అంటాండారు." వేలు అడ్డంగా ఊపారు. "నేను అనల్యా. కొందరు."

మా నాన్న మిషన్ స్కూలు హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఇచ్చిన ఇల్లు ఇది. ఆయన పోయాక, కూతురు పెళ్ళి చేసుకోలేదు, ఎక్కడికి పోతుంది అని కమిటీ నన్ను ఉండనిచ్చింది. కాగితమేమీ లేదు. వాళ్ళ దయ.

"ఈ ఆదివారం బాగా చెయ్యి ప్రార్థన. నీ తమ్ముని పేరు చెప్పు, జయం అడుగు, ఐపాయ. ఆ వెనకింటామె గూడా ఏందో పేరు చెప్పమన్యంట గదా?"

ఎలా తెలిసిందో! జైబక్క గొంతు మామూలుగానే నాలుగిళ్ళకు వినపడుతుంది.

"ఆల్లకు మసీదుండాది. ఒకరికి చెప్తే రేపు వీధంతా వచ్చి నిలబడ్తారు. సంఘంలో మాటొస్తాది," అన్నారు.

సరేనన్నాను. అంటే, విన్నాను అనే అర్థంలో సరేనన్నాను. లోపలికొచ్చి గోడలు చూస్తూ కూర్చున్నాను. ఈ వయసులో సామాను సర్దుకుని ప్రొద్దుటూరులో ఒక్క గది వెతుక్కోవడం, ఒంటరి ఆడదానికి ఇల్లు ఇస్తారా అని అడగడం. కానీ ఇంటి కోసమని నేను ఏదీ చేయను. అది ఖాయం.

జూన్ 20, శుక్రవారం

ఆలోచించి చూస్తే, సాజియా పేరు ఈ వారమే చెప్పాల్సిన అవసరం లేదు. ఇంటి కోసం కాదు. ఖతార్‌లో యుద్ధం లేదు. ఖతార్ ఇద్దరి మధ్యా మాటలు నడిపే దేశం, దాని జోలికి ఎవరూ పోరు. అమెరికా స్థావరం ఉన్నచోట కన్నా భద్రమైన చోటు ఏముంటుంది? నిజంగా ప్రమాదంలో ఉన్నది వినోద్. ముందు ప్రమాదంలో ఉన్నవాడికి ప్రార్థన, తర్వాత మిగతావాళ్ళకు. ఆసుపత్రిలో కూడా అంతే కదా.

పైగా మైకులో పేరు చెప్తే జైబక్కకే ఇబ్బంది. వాళ్ళవాళ్ళు ఏమనుకుంటారు? ఆమె ఆలోచించదు, ఆమె తరఫున నేను ఆలోచించాలి.

ఇంటి కోసం అసలే కాదు.

జూన్ 21, శనివారం

జైబక్క పులివెందుల వెళ్ళి మనవణ్ణి చూసి వచ్చింది. సాజియా కొడుకు అక్కడ నానమ్మ దగ్గర పెరుగుతున్నాడు. ముద్దనూరులో బస్సు చాలాసేపు ఆగిపోయిందట, చెమటతో తడిసిపోయి వచ్చింది. అయినా సంచీలో నాకు రసానికి రెండు చీనీకాయలు.

"పిల్లోడు వాళ్ళమ్మకు ఫోన్లో ముద్దులు పెట్టె. ఆ పిల్ల ఏడ్చె," అంది. "రేపు చెప్తావు గదా కెరోలీ?"

"చెప్తానక్కా."

"నేను వాకిట్లోనే కూర్చోనుంటా. మిషను ఆపేసి."

జూన్ 22, ఆదివారం

వినోద్ పేరు చెప్పాను. ఇశ్రాయేలుకు జయము దయచేయుము అన్నాను. ఆమేన్ గోడలు అదిరేలా వచ్చింది. శాంసన్ గారు అందరి ముందు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఎస్తర్ ఫోను చేసి ఏడ్చింది, వదినా, ఆయన ఇన్న్యాడంట, శానా సంతోషపడె అంది.

ముందు గేటు గుండా ఇంటికొచ్చాను. తలనొప్పిగా ఉంది. టీకి వెళ్ళలేదు.

జూన్ 23, సోమవారం

కాలేజీలో పని ఎక్కువ. అలసిపోయాను. టీకి వెళ్ళలేదు.

జూన్ 24, మంగళవారం

పొద్దున పాల కోసం వెనక తలుపు తీస్తే జైబక్క వాకిట్లో మోటారు బండ్లు ఉన్నాయి. ఆమె తమ్ముడు నబీ రసూల్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ప్రొద్దుటూరు నుంచి రాత్రే వచ్చాడట.

"మీకు తెల్దా మేడం? అమెరికా తన మీద బాంబులేసిందని ఇరాన్ రాత్రి దోహా పక్కన అమెరికా స్థావరం మీద మిస్సైళ్ళు ఏసింది. ఆకాశమంతా ఎర్రగా ఐపాయంట. ఇండ్ల కిటికీలు అదిరినాయంట. సాజియా ఫోను కలవక అక్క శానా అల్లాడిపాయ. ఇప్పుడు కలిసింది లే. బాగుండాది."

నాకు తెలియదు. కూలరు చప్పుడులో నిద్రపోయాను. కానీ నా నిద్ర సంగతి కాదు. కరెంటు పోయినా, వాకిట్లోకి పాము వచ్చినా, వాళ్ళాయన గుండెపోటుతో పడిపోయిన రోజైనా, జైబక్క మొదట తట్టింది నా తలుపు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంతే. పది అడుగుల్లో నేనుండగా ఈసారి ప్రొద్దుటూరుకు ఫోను చేసింది.

నా తలుపు తట్టలేదు.

కాలేజీకి వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలి? యుద్ధం ఆగిందని సాయంత్రానికి టీవీలో చెప్పారు.

జూన్ 25, బుధవారం

ధైర్యం చేసి వెళ్ళాను.

జైబక్క లేచి కుర్చీ తుడిచి వేసింది. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. కప్పులో. కింద సాసరు. ప్లేటులో బిస్కెట్లు. ఆ కప్పులు అద్దాల బీరువాలో ఉంటాయి, సాజియా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు తీయడం చూశాను. నాకెప్పుడూ వాటిలో పోయలేదు.

"సాజియా..." అన్నాను.

"బాగుండాది. అందరూ బాగుండారు."

"నేను ఆదివారం..."

"బిస్కెట్టు తీసుకో."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆమెకు కోపం వస్తే నాలుగు తిట్లు తిట్టి, మరునాడు పొద్దున ఉగ్గాని గిన్నె పట్టుకుని వస్తుంది. రెండు దేశాల మధ్య సంబంధాలు చెడితే మొదట కనపడేది కోపం కాదు, మర్యాద అని నేనే ఏటా చెప్తాను. రాయబారులు సోఫాల్లో నిటారుగా కూర్చుని ఉన్న ఫోటోలు చూపిస్తాను. ఆ సోఫా ఎంత గట్టిగా ఉంటుందో ఇవాళ తెలిసింది. ఫోను ఉప్పుడబ్బా దగ్గర లేదు.

టీ తాగేశాను. సాసరులో ఒక చుక్క కూడా ఒలకకుండా తాగాను.

జూన్ 26, గురువారం

చాలా ఒంటరిగా ఉంది. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

జూన్ 28, శనివారం

శాంసన్ గారు గేటు దగ్గరే ఆగి చెప్పారు. "ఇంటి సంగతి మాట్లాడినాలే. అందరూ సరే అన్న్యారు. ఇంగ నీకేం భయంల్యా. రేపు గూడా ప్రార్థన నువ్వే చెయ్యి, అయ్యగారు ముద్దనూరు పోతాండారు."

థాంక్స్ చెప్పాను. లోపలికొచ్చి కాగితం తీశాను. ఇవాళ పెన్ను ఆగకుండా నడిచింది. ఎంత సులువుగా వచ్చిందో! నాలో ఇంత ధైర్యం ఉందని అనుకోలేదు.

జూన్ 29, ఆదివారం

చెప్పాను. మైకు దగ్గరగా జరుపుకుని, స్పష్టంగా, రెండుసార్లు చెప్పాను.

'దోహాలో కష్టపడుచున్న సాజియాను, ఆమె కొరకు ఇక్కడ కనిపెట్టుకొని యున్న తల్లి జైబున్నీసాను, పులివెందులలో ఉన్న ఆ చిన్న బిడ్డను నీ రెక్కల చాటున కాపాడుము.'

మొదట ఆనందమ్మ పెద్దమ్మ ఆమేన్ అంది, ఆమె వెనక మరికొందరు మెల్లగా అన్నారు. ఎవరూ లేచిపోలేదు. సంఘంలో మాటేమీ రాలేదు. బయటికొచ్చాక శాంసన్ గారు, "బాగ చేస్తివి కెరోలిన్, అందరి పేర్లూ చెప్పల్ల," అన్నారు. అంతే. ఇంతేనా అనిపించింది.

వెనక తలుపు గుండా వచ్చాను. జైబక్క ఇంటి తలుపు మూసి ఉంది. లోపల మిషను తిరుగుతున్న చప్పుడు. మైకు వినపడే ఉంటుంది. వినపడకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం దాకా ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. గ్లాసుల్లో టీ పెట్టి పిలుస్తుందని కాదు. అందుకే.

జూన్ 30, సోమవారం

బస్టాండులో కనపడింది. ఆమె పులివెందుల బస్సు కోసం, నేను ప్రొద్దుటూరు బస్సు కోసం. సంచీలో మనవడికి కుట్టిన చొక్కా పైకి కనపడుతోంది. పక్కన నిలబడ్డాను. ఆమె జరగలేదు, దగ్గరకూ రాలేదు.

"నిన్న విన్నావా అక్కా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది, మార్కులెన్ని వేశారు అని అడిగే పిల్లలాగా.

"విన్న్యా కెరోలీ. మైకు బాగ ఇనపడ్య." సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. "యుద్ధం ఐపోయినాంక చెప్తివి."

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఆమె తొందరపడలేదు.

"ఆ దినం నా బిడ్డ మంచం కింద దూరి ఏడుస్తాండె. ఇప్పుడు బాగుండాది, బడికి పోతాంది. ఇప్పుడెందుకు మే?" ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడిగినట్టే ఉంది. నా దగ్గర ఉన్న జవాబులన్నీ పాఠాల్లోవి.

మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "నీ తమ్ముడు బాగుండాడా?"

తల ఊపాను.

"మేలాయ. నమాజులో దినామూ వాని పేరు చెప్పుకుంటి నేను. సాజియాది, వానిది. వినోద్ అని పేరు పెట్టే చెప్పుకుంటి."

బస్సు వెళ్ళిపోయింది. నా బస్సు కూడా వచ్చి వెళ్ళిపోయింది. కాలేజీకి వెళ్ళకుండా ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. ఇంటి కోసం కాదు, ఇంటి కోసం కాదు అని ఎన్నిసార్లు రాసుకున్నానో. ఇంటి కోసమే. శాంసన్ గారంటే భయం, ఒంటరిగా రోడ్డు మీద పడతానని భయం. దేశాల తరఫున చెప్పే కారణాలన్నీ తెచ్చి ఆ భయం మీద కప్పాను. దేశాలకు ఎన్నో కారణాలు ఉండవచ్చు. నాకున్నది ఇదొక్కటే.

ఈ ఇంటి సంగతి జైబక్కకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు. శాంసన్ గారు గేటు దగ్గర ఆపిన రోజే వెనక తలుపు తీసి చెప్పి ఉంటే, ఆమె కుట్టుమిషను కూడా ఆపకుండా, "పోతే పోనీలే మే, మా ఇంట్లో ఉందువు రా," అనేది.